తని మొదలవగానే లేచే జనం

నేను వేమూరు దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచర్ని. ఉండేది తెనాలిలో. పొద్దున బస్సులో వెళ్ళి సాయంత్రం బస్సులో వస్తాను. సెలవు రోజుల్లోనూ, తీరిక దొరికిన సాయంత్రాల్లోనూ మృదంగం వాయిస్తాను. కచేరీల్లో వాయించడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. అందులో ఎక్కువ కాలం, నా వంతు రాగానే మా ఊరి జనం లేచి బయటికి వెళ్ళిపోయేవారు.

సంగీత కచేరీల అలవాటు లేనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెబుతాను. రెండు రెండున్నర గంటల కచేరీలో గాయని పాడుతూ ఉంటే వయొలిన్, మృదంగం ఆమె వెంట నడుస్తాయి. ప్రధానమైన కీర్తన అయ్యాక ఆమె పాట ఆపి, చేత్తో తాళం మాత్రం వేస్తూ, పదిహేను ఇరవై నిమిషాలు మృదంగానికి పూర్తిగా వదిలేస్తుంది. దాన్నే తని అంటారు. అంతసేపూ ఇంకొకరి పాటను మోసిన మృదంగం అప్పుడు తన మాట తాను చెప్పుకుంటుంది. మృదంగం నేర్చుకున్నవాళ్ళు వేళ్ళు వాచిపోయేలా సాధన చేసేది ఆ కాసేపటి కోసమే. సరిగ్గా అప్పుడే జనం కాఫీకి లేస్తారు.

మొదటిసారి అలా జరిగినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. తెనాలి సంగీత సభలో ఆడపిల్ల మృదంగం వాయించడమే అప్పటికి వింత. కళ్ళు మూసుకుని మొదటి రెండు ఆవర్తాలూ, అంటే తాళం రెండు చుట్లు తిరిగేదాకా, వాయించాను. కళ్ళు తెరిచేసరికి హాల్లో సగం మంది నిలబడి ఉన్నారు. బయట వాన మొదలైందేమో, స్కూటర్లు తడుస్తాయని పరుగెడుతున్నారేమో అనుకున్నాను. చెవులు రిక్కించి విన్నాను. వాన లేదు. వరండాలోంచి గ్లాసుల చప్పుడు వినిపించింది. ముగింపు కోసం నెలరోజులు కూర్చుని లెక్క కట్టుకున్న ముక్తాయింపును, వాయించాల్సిన మూడుసార్లూ, ఖాళీ కుర్చీలకు వాయించాను. గాయని మళ్ళీ పల్లవి అందుకోగానే అందరూ మూతులు తుడుచుకుంటూ వచ్చి ఎవరి కుర్చీల్లో వాళ్ళు కూర్చున్నారు.

నాకు మృదంగం నేర్పిన మాస్టారు కాలవ పక్క వీధిలో ఉండేవారు. మర్నాడు ఆయన దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. నేనేమీ అడగకముందే ఆయనే అన్నారు.

"నువ్వు సరిగా వాయించలేదని కాదమ్మా. నేను వాయించినా లేస్తారు. మా గురువుగారు వాయించినా లేచారు. తని అంటే జనానికి కాఫీ టైము. అలవాటు పడాలి."

నేను అలవాటు పడలేదు. పాఠం చెబుతుంటే క్లాసులో సగం మంది లేచి వెళ్ళిపోతే ఏ టీచరైనా అలవాటు పడుతుందా? కాకపోతే ఏడవడం మానేసి, చూడటం మొదలుపెట్టాను. వేళ్ళు వాటి పని అవి చేసుకుంటున్నా కళ్ళు ఖాళీగానే ఉంటాయి కదా.

కొన్ని కచేరీలు గడిచాక ఒక సంగతి అర్థమైంది. అందరూ ఒకేసారి లేవరు. ముందు లేచేది ఒక్కరే. మూడో వరుసలో నడవ పక్క కుర్చీ ఎప్పుడూ ఒకే పెద్దాయనది. రిటైరైన లెక్చరరు. ఊళ్ళో సంగీతం బాగా తెలిసిన మనిషని పేరు. పాట జరుగుతున్నంతసేపూ ఆయన తొడ మీద తాళం వేస్తూ ఉంటే వెనకవాళ్ళు ఆయన చెయ్యి చూసి తమ తాళం సరిచేసుకునేవారు. ఆయన తల ఊపితే నాలుగు వరుసలు ఊపేవి. తని మొదలవగానే ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని కుర్చీ చేతి మీద చెయ్యి ఆనించేవారు. అంతే, ఆ వరుస లేచేది. తరువాత దాని వెనక వరుస. చివరి వరుసల వాళ్ళకైతే ఎవరు మొదలుపెట్టారో కూడా తెలియదు, ముందువాళ్ళు లేచారు కాబట్టి లేచేవారు. కాఫీ ముట్టని ఆడవాళ్ళు కూడా వరండాలోకి వెళ్ళి, గోడకానుకుని నిలబడి, అందరితోపాటు లోపలికి వచ్చేవారు.

అన్నిటికన్నా నన్ను పొడిచింది మా ఆయన వీపు. ఆయనకు మోటారు వైండింగ్ షాపుంది. ప్రతి కచేరీకీ నా మృదంగాన్ని బండి మీద పెట్టుకుని తెచ్చేది ఆయనే. ఒకరోజు తనిలో తలెత్తితే, గుంపులో ఆయన కూడా గుమ్మం దాటుతున్నారు. ఇంటికి వచ్చాక అడిగాను.

"నువ్వు కూడా లేచావేంటి?"

ఆయన నేల చూస్తూ చెప్పారు. "అందరూ లేస్తుంటే నేనొక్కణ్ణే కూర్చుంటే, పెళ్ళాం కోసం కూర్చున్నాడనుకుంటారని."

"అనుకుంటే ఏం?"

"ఏమీ లేదు. కానీ అక్కడ కూర్చున్నప్పుడు అలా అనిపించదు. కాళ్ళు వాటంతటవే లేస్తాయి."

కోపం తెచ్చుకుందామనుకున్నాను కానీ ఆయన చెప్పింది నిజమేనని తెలుసు. నేను కూడా వేరేవాళ్ళ కచేరీలకు వెళ్ళినప్పుడు, మృదంగం వాయించే మనిషిని అయ్యుండీ, చుట్టుపక్కల కుర్చీలు కిర్రుమంటే ఒకటి రెండుసార్లు లేచాను. ఆ మాట ఆయనతో అప్పుడు చెప్పలేదు.

జనం మందగా లేవడం ఒక రకం. మందగా చేతులు కలపడం ఇంకో రకం. అది బాపట్లలో చూశాను.

నేను ఎక్కువగా వాయించేది ఒక గాయనికి. నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను అక్కా అంటాను. ఒకసారి బాపట్లలో ఒక కాలేజీ వార్షికోత్సవానికి మా ఇద్దరినీ పిలిచారు. ముందు వరుసల్లో లెక్చరర్లు, ఎడమ పక్క అమ్మాయిలు, కుడి పక్క అబ్బాయిలు. కిందటేడు సినిమా పాటల ఆర్కెస్ట్రా పెడితే పిల్లలు కుర్చీలెక్కి, ఫోన్ లైట్లు వెలిగించి ఊగిపోయారట. అందుకని ఈసారి శాస్త్రీయ సంగీతం పెట్టి, కదలకుండా వినాలని ముందే గట్టిగా చెప్పారట. నిజంగానే కదల్లేదు. అక్క పాడినంతసేపూ పరీక్ష రాస్తున్నట్టు కూర్చున్నారు.

తనిలో నాలుగైదు ఆవర్తాలు అయ్యేసరికి మధ్య వరుసలో ఒకమ్మాయి మెల్లగా చప్పట్లతో తాళం కలిపింది. పక్కమ్మాయి కలిపింది. నిమిషం తిరక్కుండా హాలంతా చప్పట్లు. నా తనికి జనం లేవకపోవడమే కాకుండా చేతులు కలపడం అదే మొదలు. నా ఒళ్ళు పులకరించింది. ఆ సంతోషంలో నేను ఒక సంగతి గమనించలేదు. వందల చేతులు కలిస్తే తాళం నిలబడదు. ఒకరిని చూసి ఒకరు, కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతారు. నేను వాళ్ళను పట్టుకుందామని వేగం పెంచాను. నేను పెంచేసరికి వాళ్ళు ఇంకా పెంచారు. అక్క చెయ్యి తాళం తప్పింది. నా లెక్క చెదిరింది. ముందు వరుసలో ఒక లెక్చరరు లేచి, వెనక్కి తిరిగి చెయ్యెత్తారు. కరెంటు పోయినట్టు చప్పట్లు ఆగిపోయాయి. ఆ తరువాత చివరి దాకా ఒక్కరు కూడా ఒళ్ళోంచి చేతులు తియ్యలేదు.

కార్యక్రమం అయ్యాక ఆ అమ్మాయి తెర వెనక్కి వచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు.

"నా వల్లే పాడైందా మేడమ్?"

"లేదమ్మా. పట్టుకోవడం నాకు చేతకాలేదు."

"మధ్యలో ఆపేద్దామనుకున్నా మేడమ్. పక్కవాళ్ళు ఆపలేదు. వాళ్ళు నన్ను చూసి కొడుతున్నారు, నేను వాళ్ళని చూసి కొడుతున్నాను. ఇంక ఎవరాపాలో తెలీలేదు."

ఆ మాటను రైల్లో తెనాలి వచ్చేదాకా తలుచుకున్నాను. వేగం పెంచి జనాన్ని పట్టుకోవాలనుకోవడం నా తప్పు. నేను పెంచాల్సింది కాదు, తగ్గించాల్సింది. శబ్దం తగ్గిస్తే వినడం కోసం వాళ్ళే చేతులు తగ్గించుకుని ఉండేవారు. క్లాసులో అల్లరెక్కువైనప్పుడు నేను చేసేది అదే. గొంతు పెంచను, తగ్గిస్తాను. ఇది నాకు వేదిక మీద తట్టలేదు.

ఆ తరువాత కొన్నాళ్ళకు రేపల్లెలో దేవీ నవరాత్రుల పందిట్లో కచేరీ వచ్చింది. సాయంత్రం సినిమా పాటల ఆర్కెస్ట్రా ఉంది కాబట్టి మాకు మధ్యాహ్నం మూడింటికి సమయం ఇచ్చారు. వేదిక ఎక్కేసరికి పందిరి నిండా ఆడవాళ్ళు. మా కోసం ఇంతమందా అని అక్క మురిసిపోయింది. తర్వాత తెలిసింది, వాళ్ళలో చాలామంది ఆర్కెస్ట్రా కోసం ముందే చోటు పట్టుకున్నారని. నిజాంపట్నం రేవు నుంచి ఆటోల్లో వచ్చిన చేపలమ్ముకునే కుటుంబాల వాళ్ళు ముందు పట్టాల మీద కూర్చున్నారు.

వాళ్ళకు కచేరీలో ఎలా ఉండాలో ఎవరూ చెప్పలేదు. అక్క రాగం ఎత్తుకుంటే వీళ్ళు రొయ్యల ధర ఎత్తుకున్నారు. ఒకాయన ఫోన్లో ఎవరికో పందిరంతా తిప్పి చూపిస్తూ పెద్దగా మాట్లాడాడు. అక్క ముఖం వాడిపోవడం నాకు పక్క నుంచి కనిపిస్తూనే ఉంది. అంత బాగా పాడిన మనిషి, ప్రధాన కీర్తనను సగంలో తుంచేసి తనికి సైగ చేసింది.

నేను మొదలుపెట్టాను. రెండో ఆవర్తంలో కబుర్లు తగ్గాయి. నాలుగో ఆవర్తానికి పందిట్లో మృదంగం తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఫోనాయన ఫోను జేబులో పెట్టేశాడు. అరవై దాటిన ఒకావిడ, చేతికి బరువైన వెండి కడియం, లేచింది. ఈవిడా బయటికేననుకున్నాను. ఆవిడ బయటికి పోలేదు. ముందుకు వచ్చి, వేదిక అంచుకు రెండడుగుల దూరంలో బాసింపట్టు వేసుకుని కూర్చుని నా వేళ్ళ వంక చూడటం మొదలుపెట్టింది. ఆవిడను చూసి ఇంకొకావిడ వచ్చింది. కాసేపటికి వేదిక చుట్టూ మనుషులే. ఎవరి ఊపిరి ఎక్కడ ఆగుతోందో నాకు తెలుస్తోంది. ఒక చోట వేగంగా వెళ్తూ ఠక్కున ఆగితే "అబ్బా" అని పది గొంతులు ఒక్కసారి అన్నాయి. ఇరవై ఏళ్ళలో నా మృదంగానికి గొంతులతో జవాబు రావడం అదే మొదటిసారి.

కచేరీ అయ్యాక ఆ కడియం ఆవిడ వేదిక దగ్గరే ఉండిపోయింది.

"ఏమ్మా, అప్పుడే అయిపోయిందా? ఇంకాసేపు కొట్టకూడదూ?"

"తెనాల్లో అయితే నేను మొదలుపెట్టగానే అందరూ కాఫీకి లేచి వెళ్ళిపోతారండి పిన్నీ," అన్నాను నవ్వుతూ.

"ఎందుకని? అక్కడ బాగా కొట్టవా?"

"ఇలాగే కొడతానండి. అది ఆనవాయితీ."

"ఎవరు పెట్టారమ్మా?"

ఆవిడ మృదంగాన్ని రెండు పక్కలా తడిమి చూసింది. "దీనికి ఒక పక్క ఆడగొంతు, ఒక పక్క మగగొంతు ఉందమ్మాయ్," అంది. వల లాగేటప్పుడు తమకూ ఒక లెక్క ఉంటుందనీ, ఒక్కడు తప్పితే అందరి చేతులూ కోసుకుపోతాయనీ చెప్పింది. ఎనిమిది దెబ్బల తాళం ఎలా వెయ్యాలో నేర్పించాను. చేత్తో ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, ఆపైన దెబ్బ, చెయ్యి తిప్పి విసురు, మళ్ళీ దెబ్బ, విసురు. మూడోసారికి తప్పు లేకుండా వేసింది. మళ్ళీ ఎక్కడ వాయించినా చెప్పమని ఫోను నంబరిచ్చింది.

తిరిగి వస్తుంటే కారు చెరుకుపల్లి దాటింది. అక్క కిటికీలోంచి చూస్తూ అడిగింది.

"నీకు ఇన్నేళ్ళుగా ఇలాగే ఉండేదా?"

"ఎలాగక్కా?"

"నేను ప్రాణం పెట్టి పాడుతుంటే వాళ్ళు రొయ్యల గురించి మాట్లాడుకుంటున్నారు. ఎక్కడికైనా పారిపోదామనిపించింది."

"ఇలాగే ఉండేది."

"మరి నాకెప్పుడూ చెప్పలేదే?"

"తనిలో నువ్వు ఫ్లాస్కు తీసి పాలు తాగుతూ ఉంటావు కదక్కా."

అక్క నవ్వలేదు. ఒక చేత్తో తాళం వేస్తూ రెండో చేత్తో పాలు తాగడం మా సభలో గాయకులందరూ చేసేదే. అయినా ఆవిడ నా చెయ్యి పట్టుకుని తెనాలి వచ్చేదాకా వదల్లేదు.

ఆ మరుసటి నెలలో తెనాలి సభలో మా కచేరీ. ఆదివారం సాయంత్రం నాలుగింటికి. ముందు రోజు కార్యదర్శిగారు ఫోన్ చేశారు.

"తని ఏడెనిమిది నిమిషాల్లో ముగించెయ్యండమ్మా. జనం ఎలాగూ ఉండరు."

"ఉండేలా చూద్దామండి. మొదలుపెట్టే ముందు రెండు నిమిషాలు తాళం గురించి చెప్పనా?"

"మృదంగం వాళ్ళు మైకులో మాట్లాడే ఆనవాయితీ లేదమ్మా."

అక్కకు చెప్పాను. "నువ్వు మాట్లాడొద్దులే. నేను మాట్లాడతాను. గాయని నోరు ఎవరూ మూయించరు," అంది. నేను రేపల్లెలో కలిసిన కడియం పిన్నికి ఫోన్ చేశాను. వస్తే చాలనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం రేపల్లె పాసింజర్లో ఆవిడ ఇంకో ఎనిమిది మందిని వెంటేసుకుని దిగింది. మా ఆయన స్టేషనుకు వెళ్ళి రెండు ఆటోల్లో హాలుకు తీసుకొచ్చారు.

మా సభలో ముందు రెండు మూడు వరుసలు పెద్దమనుషులకని ఖాళీగా ఉంచుతారు. వాళ్ళు ఆలస్యంగా వస్తారు, కొన్నిసార్లు రారు. గుమ్మం దగ్గర బ్యాడ్జీ పెట్టుకున్నాయన రేపల్లె వాళ్ళను వెనక్కి వెళ్ళమన్నాడు.

"ముందంతా ఖాళీగానే ఉంది కదయ్యా," అంది పిన్ని.

"అవి రిజర్వుడమ్మా."

అక్క అప్పటికే వేదిక మీద శ్రుతి చూసుకుంటోంది. మైకు దగ్గరికి వంగి, "రండమ్మా, ముందుకు రండి. ఎదురుగా ఖాళీ కుర్చీలుంటే నాకు పాడబుద్ధి కాదు," అంది. హాలంతా వింటుండగా గాయని పిలిస్తే బ్యాడ్జీ ఆయన ఏం చెయ్యగలడు? మరీ ముందుకు రావడానికి మొహమాటపడి, ఐదుగురు మూడో వరుసలో, నలుగురు నాలుగో వరుసలో కూర్చున్నారు. మూడో వరుస చివర, నడవ పక్కన, ఎప్పటిలాగే పెద్దాయన ఉన్నారు. రేపల్లె వాళ్ళు ఈసారి రొయ్యల మాట ఎత్తలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఎలా కూర్చున్నారో చూసి అలాగే కూర్చున్నారు. పెద్దాయన తల ఊపితే వాళ్ళూ ఊపారు.

ప్రధాన కీర్తన అయింది. అక్క ఫ్లాస్కు ముట్టుకోలేదు. మైకులో నెమ్మదిగా చెప్పింది.

"ఇప్పుడు మా చెల్లెలు వాయిస్తుంది. నేను కూడా మీతోపాటు వింటాను. ఎనిమిది దెబ్బల తాళం. తెలియనివాళ్ళు నా చెయ్యి చూడండి."

అలా చెప్పి, కూర్చున్న చోటే పూర్తిగా నా వైపు తిరిగి, అందరికీ కనపడేలా చెయ్యి పైకెత్తి తాళం మొదలుపెట్టింది. జనానికి పక్కకు తిరిగి కూర్చున్న గాయనిని మా సభలో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు.

నేను మొదటి ఆవర్తం వాయించాను. పెద్దాయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. వెనక వరుసల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. ఆయన లేచి నిలబడ్డారు.

అప్పుడు నాలుగో వరుసలోంచి ఒక గొంతు, అందరికీ వినపడేలా, ఎంతో మర్యాదగా, "అన్నయ్యగారూ, కొంచెం కూర్చోండి. మాకు కనపట్టంలేదు," అంది.

ఆయన వెనక్కి తిరిగారు. నలుగురు ఆడవాళ్ళు మెడలు పక్కకు చాపి ఆయనను తప్పించి నన్ను చూస్తున్నారు. పక్కన చూస్తే మూడో వరుసలో పిన్ని చిటికెన వేలు, ఉంగరం వేలు లెక్కపెడుతూ తాళం వేస్తోంది. ఆయన ముఖంలో కోపం లేదు. తను లేచి నిలబడితే ఒకరికి అడ్డం అవుతుందని ఆయనకు బహుశా ఎన్నడూ తట్టలేదు. కూర్చున్నారు. జేబులోంచి కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

ఆయన వెనక లేచినవాళ్ళు సగంలో ఆగి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన నిలబడ్డందుకు సాకుగా పంచె సర్దుకుని కూర్చున్నాడు. ఒక వరుస తరువాత ఒక వరుస, ఎన్నో ఏళ్ళుగా ఎలా లేస్తూ వచ్చిందో అచ్చం అలాగే, కూర్చుంది. ఎడమ పక్క గోడ దగ్గర మా ఆయన కనిపించారు. ఆయన అసలు లేవనే లేదు. రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

ఇంక కార్యదర్శిగారు చెప్పిన ఏడెనిమిది నిమిషాల గడువు నాకు గుర్తులేదు. మెల్లగా విస్తరించుకుంటూ వెళ్ళాను. పెద్దాయన తొడ మీద తాళం మొదలైంది. రేపల్లె వాళ్ళు చప్పట్లు కలిపారు. హాలు అందుకుంది. కాసేపటికి బాపట్లలో జరిగినట్టే చప్పట్లు ముందుకు జరగడం మొదలైంది. ఈసారి నేను వాళ్ళ వెంట పరుగెత్తలేదు. కుడి చేతిని వేలి కొసల మీదకు దించాను. ఎడమ పక్కను అరచేత్తో అదిమి గుసగుసలాగా చేశాను. మృదంగం వినపడకపోయేసరికి, ముందు వరుసల వాళ్ళు చప్పట్లు తగ్గించారు. తరువాత ఇంకొందరు. చివరికి హాలంతా ఒక వేలితో అరచేతి మీద కొడుతోంది. చిన్న జల్లు రేకుల మీద పడుతున్నట్టు ఉంది ఆ చప్పుడు. తాళం ఎక్కడుందో అక్కడ, వెంట్రుకవాసి కదలకుండా, మూడు వందల మందిలో నిలబడింది.

అక్కడి నుంచి పెంచాను. మాస్టారు నేర్పినవి, నేను కట్టుకున్నవి, భయపడి ఎప్పుడూ వేదిక మీద వాయించనివి అన్నీ వాయించాను. గుమ్మం దగ్గర కాఫీ పోసే మనిషి లోపలికి వచ్చి, భుజం మీద తువ్వాలుతో నిలబడి చూస్తున్నాడు. ఆయన వెనక కార్యదర్శిగారు. ముక్తాయింపు మొదటిసారి వాయించినప్పుడు జనం ఊపిరి బిగబట్టారు. రెండోసారికి అది ఎక్కడ ముగుస్తుందో పట్టుకున్నారు. మూడోసారి చివరి దెబ్బ నా వేళ్ళ మీద, అక్క అరచేతిలో, పెద్దాయన తొడ మీద, హాల్లో ప్రతి చేతి మీదా ఒక్కసారే పడింది. అక్క పల్లవి అందుకుంది కానీ చప్పట్లలో ఆవిడ గొంతు వినపడలేదు. రెండుసార్లు ప్రయత్నించి, ఆపేసి, ఆవిడ కూడా చప్పట్లు కొట్టింది. ఇరవై రెండు నిమిషాలు వాయించానని తరువాత వయొలిన్ ఆయన చెప్పారు.

కచేరీ అయ్యాక పెద్దాయన మెట్లెక్కి వేదిక మీదకు వచ్చారు. అంతకుముందు ఆయన ఎప్పుడూ గాయకుల దగ్గరికే వెళ్ళేవారు.

"మధ్యలో ఐదు దెబ్బల నడకలోకి మార్చావు కదమ్మా. ఎనిమిదిలోకి మళ్ళీ ఎలా దింపావు? నాకు లెక్క అందలేదు."

చెప్పాను. కాగితం మీద రాసి ఇమ్మన్నారు. రాసిచ్చాను. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఒక మెట్టు దిగి, మళ్ళీ ఆగారు. "ముప్పై ఏళ్ళుగా కచేరీలు వింటున్నానని చెప్పుకుంటున్నానమ్మా. ఇంతకాలం ఒక ముక్క వినలేదన్నమాట," అన్నారు.

కింద రేపల్లె వాళ్ళు తిరుగు బండికి తొందరపడుతున్నారు. కాఫీ పోసే మనిషి వాళ్ళను ఆపి, తనిలో ఎవరూ తాగక మిగిలిపోయిన కాఫీని మళ్ళీ వేడి చేసి అందరికీ ఇచ్చాడు. కార్యదర్శిగారు నా దగ్గరికి వచ్చి, ఏడెనిమిది నిమిషాల సంగతి ఎత్తకుండా, వచ్చేసారి పది నిమిషాల విరామం వేరుగా పెడదామనీ, తనిలో కాఫీ ఉండదనీ చెప్పారు. చెప్పినట్టే పెట్టారు.

ఈమధ్య ఒక ఆదివారం మా సభలో బయటి ఊరి గాయకుడి కచేరీ జరిగింది. నేను శ్రోతగా వెళ్ళాను. ఆయనకు మృదంగం వాయించింది యాభై ఏళ్ళ మనిషి, ఇంతకుముందు రెండుసార్లు మా ఊరు వచ్చినాయన. తని మొదలయ్యేసరికి ఆయన ముఖంలో నాకు బాగా తెలిసిన తొందర కనిపించింది. ఖాళీ కుర్చీలకు వాయించబోయే మనిషి, పని తొందరగా కానిచ్చేద్దామనుకునేటప్పుడు ఉండే తొందర. తల వంచుకుని, మంచివన్నీ వదిలేసి, సరాసరి ముగింపు వైపు వెళ్తున్నాడు. నా పక్కన ఒకామె లేవబోయి, ఎవరూ లేవకపోవడం చూసి, కొంగు సర్దుకుని కూర్చుంది.

ఆయన ఒకసారి తలెత్తాడు. హాలు నిండా మనుషులు, వాళ్ళ ముఖాలన్నీ తన వైపే. రెప్పలార్పాడు. గాయకుడి వంక చూసి, ఇంకా టైముందా అన్నట్టు కనుబొమలెగరేశాడు. గాయకుడు తల ఊపాడు. ఆయన మృదంగాన్ని ఒళ్ళోకి కొంచెం దగ్గరగా లాక్కుని, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.